నేల మీది ముగ్గు, కాగితము మీది గీత

ఇల్లు కట్టదలచినవారు పునాది త్రవ్వుటకు ముందు "ముగ్గు పోయుట" మన తెలుగునాట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. సున్నముతో నేలపై గోడల గీతలు పోయుదురు. ఇల్లాలు ఆ గీతల నడుమ నిలిచి, ఇది వంటయిల్లు, ఇది దేవుని గది అని నడచి చూచుకొనును. అక్కడ గీత ఎంతయో గోడయు అంతే. ఆ పటమును చదువుటకు అక్షరజ్ఞానముతో పనిలేదు. కాగితము మీది పటము అట్టిది కాదు. దానిని చదువ నేర్వవలెను. ఈ విద్య ఒకప్పుడు ఎవరి సొత్తుగా నుండెను, నేడు తూప్రాన్ వంటి ఊరిలో ప్రతి గృహస్థునకు అది ఏల అవసరమైనది అను విషయమును ముచ్చటింతము.

గీతకు మన దేశములో ప్రాచీనమైన చరిత్ర కలదు. త్రాటిని 3, 4, 5 పాళ్లుగా సాగదీసి సరియైన మూలను సాధించు పద్ధతి ఆపస్తంబుని శుల్బసూత్రములలో నున్నది. మన మేస్త్రీలు నేటికిని మూల సరిచూచుకొనునది ఈ లెక్కతోనే. వాస్తుగ్రంథములు స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని నలుగురు శిల్పులను చెప్పినవి. వీరిలో సూత్రగ్రాహి రేఖాజ్ఞుడు, సూత్రమనగా త్రాడే. మధ్యప్రదేశములోని భోజపురమున 11వ శతాబ్దిలో మొదలిడి అసంపూర్ణముగా విడిచిన శివాలయము చుట్టునున్న రాతినేలపై స్తంభముల, శిఖరముల రేఖాపటములు చెక్కబడి నేటికిని కనబడుచున్నవి. శిల్పి పటమును పనిచోటనే, పనివాని కన్నుల యెదుటనే గీసెను.

పటము పనిచోటు విడిచి గదిలోని బల్లపైకి ఎక్కినప్పుడు చదువు కష్టమైనది. ఫ్రాన్సు దేశమున గాస్పార్ మోంజ్ అను గణితవేత్త, ఘనవస్తువును పైనుండియు ఎదుటనుండియు చూచి రెండు పటములలో నిక్కముగా చూపు శాస్త్రమును కల్పించెను. కోటల నిర్మాణమునకు అక్కరకు వచ్చునదగుటచే దానిని కొన్ని సంవత్సరములు సైనిక రహస్యముగా దాచిరి; 1795లో గాని అతడు దానిని బహిరంగముగా బోధింపలేదు. 1842లో జాన్ హెర్షెల్ నీలిరంగు ముద్రణ పద్ధతిని కనిపెట్టెను. ఒకే పటమునకు పెక్కు ప్రతులు తీయుట దానివలన సులభమై, 'బ్లూప్రింటు' అను మాట పుట్టినది.

మన మెదకు ప్రాంతపు రైతులకు చిరపరిచితమైన పటము ఇంటిది కాదు, పొలముది. నిజాము కాలపు సర్వేలో గ్రామమునకు నక్షా, పొలమునకు కొలతలతో టిప్పన్ ఏర్పడెను. 33 అడుగుల గొలుసు ఇటొకటి, అటొకటి పరచిన చదరము ఒక గుంట. అనగా 121 చదరపు గజములు. నలువది గుంటలు ఎకరము. ఈ లెక్క నోటికి రాని రైతు లేడు. కాని నక్షాను చదివి చెప్పుటకు పట్వారి కావలసివచ్చెను. గీత తెలిసినవాని మాటయే చెల్లెను. తెలియనివాడు తన పొలము గట్టును గూర్చియే ఒకరిని అడుగవలసినవాడయ్యెను.

ఇక మెదకు పట్టణములోని చర్చిని చూడుడు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పూనికతో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన కట్టడమిది. కరవు కాలమున కూలీలకు అన్నము పెట్టిన పని అది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు ఇంచుమించు 175 అడుగులు. ఎనిమిది అడుగులకు ఒక అంగుళము చొప్పున గీసినచో పొడవు 25 అంగుళములు, వెడల్పు పన్నెండున్నర అంగుళములు; అంతటి ఆలయము ఒక బల్లపై పట్టును. స్కేలు అనగా ఇంతే. రూపకల్పన ఆంగ్ల వాస్తుశిల్పులది. రాజ్యపు అధికారభాష ఉర్దూ. రాయి మోసినవారిలో ఎక్కువమంది తెలుగువారు. మూడు భాషల నడుమ ఉమ్మడిగా నిలువగలది గీత ఒక్కటే.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్య మెల్లగా విస్తరించెను. 1950లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన వృత్తిశిక్షణ పథకము వలన ఐ.టి.ఐ.లలో పల్లెపిల్లలును పటములు గీయ నేర్చిరి. 1956 చట్టముతో మీటరు వచ్చెను. అయినను మన ఊళ్లలో స్థలము గజములలోను, గది అడుగులలోను, ఇనుపచువ్వ మిల్లీమీటర్లలోను పలుకుచున్నాము. పటము చదువువాడు ఏ అంకె ఏ కొలతదో ముందుగా చూచుకొనవలెను.

హైదరాబాదు - నాగపూరు రహదారిపైనున్న తూప్రాన్ 2018లో పురపాలక సంఘమయ్యెను. 2020లో వచ్చిన తెలంగాణ భవన అనుమతుల చట్టము, 75 చదరపు గజముల వరకు గల స్థలములో చిన్న ఇంటికి అనుమతి అక్కరలేదనియు, 600 చదరపు గజముల వరకు పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయధ్రువీకరణముపై వెంటనే అనుమతి లభించుననియు ఏర్పాటు చేసెను. ధ్రువీకరణము తప్పని తేలినచో నోటీసు లేకయే కూల్చు అధికారమును ఆ చట్టమే ఇచ్చెను. సంతకము యజమానిది, గీత మరొకరిది. చదువక సంతకము చేయుట, నాడు పట్వారి చెప్పినచోట వ్రేలిముద్ర వేయుట వంటిదే గదా!

చదువుటకు మొదట మూడు చూపులు చాలును. ఇంటిని కిటికీ ఎత్తున అడ్డముగా కోసి, పైభాగము తొలగించి, మీదినుండి చూచినది ప్లాను. గుమ్మడికాయను నిలువునా కోసినట్లు ఇంటిని కోసి చూచినది సెక్షను. ఎదుట నిలిచి చూచినది ఎలివేషను. ఒకే గుమ్మమును మూడింటను గుర్తింపగలిగినచో సగము విద్య వచ్చినట్లే. కొలబద్దతో కాగితమును కొలిచి చెప్పరాదు. వ్రాసిన అంకెయే ప్రమాణము. ఆ అంకె గోడ వెలుపలిదా, లోపలిదా యని అడుగవలెను. వెలుపల 12 అడుగులని వ్రాసిన గదికి ఇరువైపుల 9 అంగుళముల గోడలు పోగా లోపల మిగులునది పదిన్నర అడుగులే.

సెక్షనులో మరియొక గుర్తు ప్రాణముతో ముడిపడినది. కోసిన చువ్వల చివరలను చుక్కలుగా చూపుదురు. రెండు గోడలపై ఆనిన స్లాబులో బరువు మోయు చువ్వలు నడిమిభాగమున అడుగువైపున నుండును. గోడనుండి బయటికి చాచిన బాల్కనీలో అవి పైవైపున నుండవలెను. ఏలయన అక్కడ సాగి చీలునది పైభాగమే. ఈ భేదము కాగితముపై వ్రేలెడు కూడ లేదు. తారుమారైనచో బాల్కనీ కూలవచ్చును. కాంక్రీటు పోసిన పిమ్మట ఆ తప్పు కంటికి కానరాదు. పోయుటకు ముందు పటమును, చువ్వలను సరిపోల్చినవానికే కనబడును.

గీత చదువుట ఇంజనీరగుట కాదు. పటము గీయువారు, లెక్కలు కట్టువారు వేరుగా నున్నారు. వారి అవసరము తప్పదు. కాని వారిని అడుగుటకు ప్రశ్న మనయొద్ద నుండవలెను. ముగ్గు పోసిన నేలపై నడచి "ఇక్కడ గుమ్మము చాలదు" అనగలిగిన ఇల్లాలు, కాగితము చూచియు ఆ మాట అనగలిగిన దినమున ఈ విద్య నిజముగా ఇల్లు చేరినదందుము.