మెడలోని ఇరుకు: వెన్నుపాము శస్త్రచికిత్స నడిచిన దారి

వైద్యగ్రంథాలలో వెన్నుపాము ప్రస్తావన ఎంత ప్రాచీనమో, దాని ముందు వైద్యుడి నిస్సహాయత కూడా అంతే ప్రాచీనం. 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఒక పాపిరస్ చుట్టను కొన్నాడు. జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ దానిని అనువదించి 1930లో ప్రచురించాడు. క్రీస్తు పూర్వం సుమారు 1600 నాటి ఆ ప్రతిలో 48 మంది గాయపడినవారి వివరాలున్నాయి. వైద్యుడు వాటికి చెప్పే తీర్పులు మూడు రకాలు: చికిత్స చేయదగినది, పోరాడి చూడదగినది, చికిత్స చేయరానిది. మెడపూస తొలగి, కాళ్లూ చేతులూ స్పృహ కోల్పోయి, మూత్రం అదుపు తప్పిన మనిషికి పడిన తీర్పు మూడవది.

అది దెబ్బ తగిలిన మెడ సంగతి. ఏ దెబ్బా తగలకుండానే, వయసుతో పాటు మెడలో వెన్నుపాము నలిగిపోయే జబ్బు ఒకటుందని గుర్తించడానికి ఇరవయ్యో శతాబ్ది రావలసి వచ్చింది. మెడలోని ఏడు పూసల నడుమ వెన్నుపాము సాగే దారి సహజంగానే ఇరుకు. ఏళ్లు గడిచేకొద్దీ పూసల మధ్య డిస్కులు ఎండి వెనక్కి ఉబ్బుతాయి, పూసల అంచుల్లో ఎముక పెరుగుతుంది, వెనుకనున్న లిగమెంట్లు మందమవుతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, చేతిరాత చెడుతుంది, నడకలో తూలు మొదలవుతుంది. చాలామందికి నొప్పి ఉండదు. కనుక ముసలితనం ఖాతాలో వేసి ఊరుకుంటారు.

1887లో లండన్‌లో విలియం గవర్స్ రోగలక్షణాలను బట్టి గడ్డ ఎక్కడుందో అంచనా వేయగా, విక్టర్ హార్స్లీ వెన్నుపాముపై నుంచి దానిని విజయవంతంగా తొలగించాడు. వెనుక నుంచి పూసల కప్పును తీసే లామినెక్టమీకి ఆ విజయం ధైర్యమిచ్చింది. అయితే నలిపేది ఏమిటన్నది సరిగా తెలియలేదు. 1928లో న్యూయార్క్ వైద్యుడు బైరన్ స్టూకీ మెడలో వెన్నుపామును ముందు నుంచి నొక్కే ముద్దలను వర్ణించి, అవి మృదులాస్థి కణుతులనుకున్నాడు. 1934లో బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ ఆ చిక్కుముడి విప్పారు. కణుతులనుకున్నవి చాలావరకు పగిలి వెలికి వచ్చిన డిస్కు ముక్కలే. 1952లో రసెల్ బ్రెయిన్, నార్త్‌ఫీల్డ్, మార్సియా విల్కిన్సన్ మెడపూసల అరుగుదలకూ నరాల లోపాలకూ ఉన్న సంబంధాన్ని సమగ్రంగా వివరించారు. ‘బ్రెయిన్’ అనే పత్రికలో బ్రెయిన్ అనే వైద్యుడి వ్యాసం రావడం వైద్యసాహిత్యంలో ఒక చిన్న చమత్కారం.

జబ్బు తేలింది, కానీ దారి తేలలేదు. నొక్కుడు ముందు వైపు ఉంటే వెనుక నుంచి కప్పు తీసి లాభమేమిటన్న ప్రశ్న మొదలైంది. పైగా లామినెక్టమీ తరువాత కొందరి మెడ క్రమంగా ముందుకు వంగిపోయేది. 1950ల్లో బాల్టిమోర్‌లో రాబిన్సన్, స్మిత్‌లు, హొనొలులులో రాల్ఫ్ క్లోవార్డ్ గొంతు పక్క నుంచి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఒక వైపుకు జరిపి పూసలను చేరే మార్గాన్ని స్థిరపరిచారు. డిస్కు తీసేసి, ఆ ఖాళీలో తుంటి ఎముక ముక్కను అమర్చి రెండు పూసలనూ అతికించేవారు. పెరిగిన ఎముక పూసలు అతుక్కున్నాక దానంతటదే తగ్గుతుందని రాబిన్సన్ పక్షం నమ్మింది. దానిని చెక్కి తీయవలసిందేనని క్లోవార్డ్ వాదించాడు.

జపానుకు ఎదురైన సమస్య వేరు. అక్కడ పూసల వెనుక నిలువునా సాగే లిగమెంటే ఎముకగా మారడం తరచుగా కనిపించింది. అనేక పూసల పొడవునా ఉన్న ఆ ఎముకను ముందు నుంచి తీయడం ప్రమాదకరం. 1977లో హిరబయాషి పూసల కప్పును పూర్తిగా తీయకుండా, ఒక పక్క కోసి, రెండో పక్క బందులా ఉంచి, తలుపు తెరిచినట్లు తెరిచాడు. ఇదే లామినోప్లాస్టీ.

లిగమెంటు ఎముకగా మారే ఇదే కథకు తెలుగునేలపై మరొక రూపం ఉంది. అక్కడ దోషి నీరు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. 1955లో సిద్ధిఖీ నల్లగొండ జిల్లా గురించి రాశాడు. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీరు తాగినవారిలో ఎముకలు మందమై, లిగమెంట్లు గట్టిపడి, ముఖ్యంగా మెడలో వెన్నుపాము నలుగుతుంది. హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ నరాల ఫ్లోరోసిస్‌ను దీర్ఘకాలం అధ్యయనం చేశారు. ఇక్కడ కత్తి చేయగలిగినది కొంతే. అసలు చికిత్స మంచినీటి కుళాయి.

కొలత లేనిదే పరిశోధన లేదు. 1972లో నూరిక్ రోగి నడకనూ ఉద్యోగం చేయగల శక్తినీ ప్రమాణంగా తీసుకున్నాడు. 1975 నాటి జపాన్ కొలమానం భోజనపు పుల్లలతో తినగలడా అని అడిగింది. అది అమెరికా చేరేసరికి పుల్లల స్థానంలో చెంచా, చొక్కా గుండీ వచ్చాయి. అన్నం కలుపుకుని ముద్ద చేసుకునే చేతికి తగిన ప్రశ్న మాత్రం అందులో లేదు.

ఈ కొలతలతోనే ఇటీవలి పరిశోధన పాత వాదాలను పరీక్షించింది. చెక్ దేశంలోని బ్ర్నోలో కదాంకా బృందం స్వల్ప, మధ్యస్థ లక్షణాలున్న 68 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసింది. మూడేళ్ల తరువాత, శస్త్రచికిత్స పొందినవారు పొందనివారికన్నా మెరుగ్గా లేరని 2002లో ప్రకటించింది. 2013లో ఉత్తర అమెరికాలో ఫెలింగ్స్ బృందం 278 మందిని పరిశీలించి, శస్త్రచికిత్స తరువాత ఏడాదికి అన్ని తీవ్రతలవారిలోనూ మెరుగుదల చూసింది. కానీ ఆ అధ్యయనంలో పోల్చిచూడటానికి శస్త్రచికిత్స లేని జట్టు లేదు. 2017 మార్గదర్శకాలు రెంటినీ గౌరవించాయి: మధ్యస్థ, తీవ్ర దశల్లో శస్త్రచికిత్స చేయాలి, స్వల్ప దశలో శస్త్రచికిత్స కానీ, పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స కానీ.

ముందా వెనుకా అన్న తగవును 2021లో 163 మందితో జరిగిన అధ్యయనం పరీక్షించింది. ఏడాది తరువాత రోగుల శారీరక స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముందు నుంచి చేసినవారిలో మింగడం కష్టమవడం వంటి ఇబ్బందులు మాత్రం ఎక్కువ. అదే ఏడాది వెలువడిన మరో పరీక్షలో, శస్త్రచికిత్సకు తోడుగా ఇచ్చిన రిలుజోల్ అనే మందు అదనపు మేలు చేయలేదు.

అంటే డెబ్బై ఏళ్లుగా ఏ దారిన వెళ్లాలని వాదించుకున్న విద్య, ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్న దగ్గరకు చేరింది. నలిగిన వెన్నుపాములో చచ్చిన కణం తిరిగి రాదు. శస్త్రచికిత్స ఎక్కువగా చేయగలిగేది ఉన్నదానిని నిలబెట్టడమే. కానీ 2013 నాటి ఒక పరిశీలనలో లక్షణాలు మొదలైనప్పటి నుంచి రోగనిర్ధారణకు సగటున రెండేళ్లు పైగా పట్టింది. అందులో తరచు పొరపడింది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ జబ్బుగా. రోగులు, వైద్యులు కలిసి 2022లో ప్రకటించిన పది పరిశోధన ప్రాధాన్యాలలో మొదటిది కొత్త పరికరం కాదు, ఈ జబ్బు గురించిన అవగాహన.

ఆ అవగాహనకు యంత్రాలతోనే పని లేదు. 1987లో జపాన్ వైద్యుడు ఓనో బృందం వర్ణించిన పరీక్ష ఒకటుంది: పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో లెక్కించడం. ఆరోగ్యవంతులు ఇరవై సార్లయినా చేస్తారు. అంతకంటే తగ్గితే, గుండీ పెట్టుకోవడమూ కష్టమవుతుంటే, మెడ సంగతి చూడవలసిన వేళ వచ్చిందన్నమాట.