పాంటూన్ బోటు కదలనంటోందా? మోటారు మార్చే ముందు ప్రొపెల్లర్ చూడండి

నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకు పాంటూన్ బోటు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నీటిపై తేలే ఆధారాలు, వాటి మీద చదునైన బల్ల, బల్ల మీద జనం. అమెరికాలోని మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు 1951లో ఇనుప డ్రమ్ముల మీద చెక్క డెక్ బిగించి చేసిన పడవ నుంచే ఇప్పటి పాంటూన్ బోట్లు వచ్చాయి. డ్రమ్ముల స్థానంలో ఇప్పుడు అల్యూమినియం గొట్టాలున్నాయి, వెనక అవుట్‌బోర్డ్ మోటారు ఉంటుంది. అట్లాంటాలో ఉండే తెలుగు కుటుంబాలు వారాంతాల్లో లేక్ లేనియర్‌కు వెళ్లి అద్దెకు తీసుకునేవీ, మన జలాశయాల్లో పర్యాటకులను తిప్పేవీ ఈ తరహా పడవలే.

వీటిని నడిపేవాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఖాళీగా ఉంటే బాగానే పోతుంది, జనం ఎక్కితే మాత్రం మోటారు మూలుగుతుంది, బోటు కదలదు. వెంటనే పెద్ద మోటారు కొనాలన్న ఆలోచన వస్తుంది. చాలాసార్లు తప్పు మోటారుది కాదు. తేలికపాటి స్పీడ్ బోటుకు సరిపోయే ప్రొపెల్లర్‌ను బరువైన పాంటూన్‌కు తగిలించి ఉంటారు.

రెండు అంకెల్లో అసలు సంగతి

ప్రొపెల్లర్ మీద 13 x 11 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. నీరు మరలాగా గట్టిగా పట్టుకుంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎంత ముందుకు వెళ్తుందో పిచ్ చెబుతుంది. నీరు మర కాదు కాబట్టి కొంత జారుతుంది. పాంటూన్ల మీద ఈ జారుడు పావు వంతు దాకా ఉండటం మామూలే.

పిచ్‌ను సైకిల్ గేరుతో పోల్చవచ్చు. ఎక్కువ పిచ్ అంటే చదును రోడ్డు మీద వాడే గేరు, తక్కువ పిచ్ అంటే ఎత్తు ఎక్కే గేరు. 20 మందిని మోసే బోటుకు కావలసింది రెండోదే. 60 హెచ్‌పీ ప్రాంతంలో ఉన్న పాంటూన్లకు సాధారణంగా 10 నుంచి 13 అంగుళాల పిచ్ వాడతారు.

ఏది సరైనదో చెవితో తేలదు, టాకోమీటర్ చెప్పాలి. ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని ఆర్‌పీఎం రావాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇప్పటి ఫోర్-స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి అది 5000–6000 మధ్య ఉంటుంది. బోటుకు అనుమతించిన పూర్తి బరువు ఎక్కించి చూడాలి. అలాగని పరీక్ష కోసం జనాన్ని ఎక్కించకండి. 20 లీటర్ల వాటర్ క్యాన్ నింపితే సుమారు 20 కిలోలు. మనిషికి 65 కిలోల లెక్కన 20 మందికి 65 క్యాన్లు సరిపోతాయి. అందరూ ఒకేచోట కూర్చోరు కాబట్టి వాటిని డెక్ అంతటా సర్దండి.

ఆ బరువుతో 13 పిచ్ మీద 4900 మాత్రమే వస్తోందనుకుందాం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం 150 నుంచి 200 వరకు పెరుగుతుంది. 10 పిచ్‌కు దిగితే 5350–5500 దగ్గరకు చేరుతుంది. ఆపై బరువు దించి ఒకసారి తిప్పి చూడాలి. గరిష్ఠ పరిమితి దాటుతుంటే పిచ్ మరీ తగ్గించినట్టు. పిచ్ ఎక్కువైతే జరిగే నష్టం కంటికి కనిపించదు. ఇంజిన్ రోజంతా భారంగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, లోపల మసి పేరుకుంటుంది.

కొత్తగా మోటారు కొనేవాళ్లు హెచ్‌పీతో పాటు గేర్ నిష్పత్తి కూడా అడగాలి. మెర్క్యురీ 60 హెచ్‌పీ మామూలు మోడల్‌లో అది 1.83:1. అదే శక్తి ఉన్న కమాండ్ థ్రస్ట్ మోడల్‌లో 2.33:1. రెండోది పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. పాంటూన్‌కు నా ఓటు దానికే. లోహం విషయానికొస్తే, రాళ్లు తగిలే జలాశయాల్లో అల్యూమినియం చాలు. దెబ్బ తగిలితే ముందు రెక్క వంగుతుంది, లోపలి గేర్లు మిగిలే అవకాశం ఎక్కువ.

మొరాయిస్తే ఎక్కడ చూడాలి?

ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసే ముందు తాళం తీసేయాలి, కిల్ స్విచ్ తాడు ఊడదీయాలి. అసలు స్టార్టే కాకపోతే మాత్రం ముందు చూడాల్సింది ఆ తాడు సరిగ్గా తగిలించి ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా అన్నవే. మెకానిక్‌ను పిలిచాక ఇది తేలితే ఇబ్బందిగా ఉంటుంది.

ఆర్‌పీఎం పెరిగినా వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు హబ్ జారుతుండవచ్చు. హబ్ లోపలి భాగం నుంచి బయటి భాగం దాకా పెయింట్‌తో ఒక గీత గీసి, బోటు నడిపి రండి. గీత రెండుగా చీలి పక్కకు జరిగితే హబ్ పోయినట్టే. మలుపుల్లోనో, జనమంతా ఫొటోల కోసం ముందుకు చేరినప్పుడో మాత్రమే ఇలా జరిగితే హబ్ తప్పు కాదు. బోటు వెనక భాగం లేచి ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటోంది. మోటారును కొంచెం కిందకు బిగించాలి, జనాన్ని వెనక్కి కూర్చోబెట్టాలి.

ఆర్‌పీఎం కూడా పెరగకపోతే గుర్రపు డెక్క చుట్టుకుందేమో చూడండి. నైలాన్ వల దారం మరీ ప్రమాదం. అది షాఫ్ట్‌కు చుట్టుకుని సీల్‌ను కోస్తుంది. నీరు లోపలికి వెళ్తే గేర్ ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. ఇవేవీ కాకుండా బోటు నెలనెలా మందగిస్తుంటే అనుమానించాల్సింది తేలే గొట్టాన్నే. అందులోకి నీరు చేరుతుండవచ్చు. ఒక పక్క వంగి తేలుతుంటే ఆ బోటు మీద జనాన్ని ఎక్కించకూడదు. అప్పుడు సమస్య వేగానిది కాదు, బోల్తా పడటానిది.

మోటారు వెనక నుంచి సన్నగా వచ్చే నీటి ధార ఆగితే వెంటనే ఇంజిన్ ఆపాలి. ఇన్‌టేక్‌కు ప్లాస్టిక్ సంచి అడ్డుపడి ఉండవచ్చు, లేదా నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరిగి ఉండవచ్చు. బురద నీళ్లలో అది త్వరగా అరుగుతుంది.

కాసేపు నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మళ్లీ నడిస్తే గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. మన దేశంలో ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. యమహా, మెర్క్యురీ వంటి కంపెనీల మాన్యువల్స్ చాలావాటిలో ఇథనాల్ పరిమితి 10 శాతం. ఇథనాల్ తేమను పీలుస్తుంది. తేమ మితిమీరితే నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది, ఇంజిన్ ముందుగా పీల్చేది దాన్నే. నీటిని వేరుచేసే ఫిల్టర్ తప్పనిసరిగా పెట్టుకోండి. సీజన్ ముగిశాక పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో వదిలేయకండి. మోటారు కొనేటప్పుడే ఈ20 గురించి రాతపూర్వకంగా అడగడం మంచిది.

రిపేరు తర్వాత ట్రయల్

2024 డిసెంబర్ 18న ముంబయి తీరంలో ఇంజిన్ ట్రయల్‌లో ఉన్న నౌకాదళ స్పీడ్ బోటు అదుపు తప్పి, ఎలిఫెంటాకు వెళ్తున్న నీల్ కమల్ ఫెర్రీని ఢీకొంది. 15 మంది చనిపోయారు. మోటారు గానీ స్టీరింగ్ గానీ విప్పి బిగించాక తొలి పరుగు ప్రయాణికులు లేకుండా, ఇతర పడవలకు దూరంగా ఉండాలి. ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం-2021 కింద యాంత్రిక పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ట్రయల్‌లో ఎక్కించే బరువు ఆ పత్రంలోని సామర్థ్యాన్ని మించకూడదు.

సరంగు దగ్గర స్పేర్ ప్రొపెల్లర్, థ్రస్ట్ వాషర్, కాటర్ పిన్, సరిపడే స్పానర్, తెడ్లు ఉండాలి. వీటితో పాటు పొడవాటి తాడుతో లంగరు కూడా. డ్యామ్ గేట్ల వైపు ప్రవాహం లాగుతుండగా ఇంజిన్ ఆగితే, ముందు లంగరు వేసి తర్వాతే మోటారు మూత తీయాలి.