అరకు రాత్రి, రెండు నక్షత్రశాలలు

గత డిసెంబరులో మా పాఠశాల పిల్లలను అరకులోయకు విహారయాత్రకు తీసుకొనిపోయాము. రాత్రి భోజనాల వేళ కరెంటు పోయింది. ముందు గోల చేసిన పిల్లలు, తల ఎత్తి చూసి ఊరకుండిపోయారు. నడినెత్తిన కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారే, అవే. అరబ్బీలో వాటి పేరు సురయ్యా. ఆ పేరే గల ఏడో తరగతి అమ్మాయి, "సార్, నా పేరు చుక్కల పేరా?" అని తెల్లబోయింది. వాటి వెనుకనే వచ్చే రోహిణిని ఇంగ్లీషువారు ఆల్డెబరాన్ అంటారు. అదీ అరబ్బీ మాటే, 'వెంట వచ్చేది' అని అర్థం. ఉర్దూ చదివే మన పిల్లలకే ఈ సంగతి చెప్పేవారు లేరు!

"వీటిని దుర్భిణీలో చూడాలంటే ఎక్కడికి పోవాలి సార్?" అన్నాడొకడు. ఒకప్పుడైతే ఈ కొండలు దిగి విశాఖ పోతే సరిపోయేది.

అక్కడ డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టారు. ఆయన మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొరవద్ద ఈ విద్య నేర్చినవారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడచినప్పుడు, ఆయన విశాఖనుండే దానిని పరిశీలించి వివరాలు లండనుకు పంపారు.

అరవై ఏళ్ళ తరువాత హైదరాబాదులో ఇంకొక ధనికునికి ఇదే పిచ్చి పట్టింది. (పిచ్చి అని ప్రేమతోనే అంటున్నాను.) నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ ఇంగ్లండునుండి 15 అంగుళాల దుర్భిణీ తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో నక్షత్రశాల నెలకొల్పారు. తన తరువాత దానిని నిజాం సర్కారు తీసుకోవాలని కోరారు. 1907లో ఆయన కాలం చేశారు. మరుసటి ఏడు అది బేగంపేటకు మారింది. నిజామియా అంటే అదే. అప్పట్లో ప్రపంచంలోని నక్షత్రశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకొని ఫొటోలు తీస్తుండగా, ఒక వాటా మన హైదరాబాదుకు వచ్చింది. భాస్కరన్ గారి హయాములో ఏళ్ళ తరబడి గాజుపలకలమీద లక్షల చుక్కల స్థానాలు కొలిచారు, ఒక్కొక్కటిగా, చేత్తో! 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 1944 నుండి అక్బర్ అలీ గారు దానికి డైరెక్టరు.

ఇంతలో ఊరు పెరిగి, దీపాలు పెరిగి, బేగంపేటలో ఆకాశం తెల్లబారింది. అందుకే 48 అంగుళాల కొత్త దుర్భిణీని దూరంగా జపాల్-రంగాపురంలో పెట్టవలసి వచ్చింది, 1968లో. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుండే పరిశీలించారు.

అరకులోనూ ఇప్పుడు హోటళ్ళ దీపాలు పెరుగుతున్నాయి. ఆ రాత్రి కరెంటు పోకపోతే మేమూ చూసేవారము కాదు. సంఘం పెద్దలకు ఒక మనవి: ఈ ఏడు బహుమతులకు కేటాయించే పైకంలో కొంత తీసి పిల్లలకొక చిన్న దుర్భిణీ కొనండి. కొండకు మోసుకుపోయే పూచీ నాది. సురయ్యా అప్పుడే పేరిచ్చింది.