కలప లెక్కల్లో కనపడని పూలు

మంచు పట్టే కొండల్లో నాచు కొమ్మలను అంటుకుని బతికే చిట్టి ఆర్కిడ్లకు ఖమ్మం, భద్రాచలం అడవుల్లో చోటు లేదనే మాటలో కొంత నిజముంది. మిగతాది సరిహద్దుల పుణ్యం. సామర్లకోటలో ఉండి సర్కారు జిల్లాల మొక్కలను పోగుచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో ఒక ఆర్కిడ్‌ను బొమ్మతో సహా అచ్చు వేయించాడు. ఇవాళ దాన్ని వాండా టెస్సెల్లాటా అంటున్నాం. గళ్ల రేకులు, చక్కటి వాసన, దూరం నుంచే కనిపించే పువ్వు. పైగా సర్కారు జిల్లాలు కుంఫిణీ ఏలుబడిలోని నేల. గోదావరి ఎగువన భద్రాచలం 1860 దాకా నిజాంది. తర్వాత సెంట్రల్ ప్రావిన్సులకు, 1874లో మద్రాసుకు చేరింది. నదికి కుడివైపున పాల్వంచ అడవి మాత్రం నిజాం కిందే మిగిలింది. గాంబుల్ మొదలుపెట్టగా, ఆయన 1925లో పోయాక ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు వృక్షజాల గ్రంథం పేరుకు తగ్గట్టే ప్రెసిడెన్సీ హద్దు దగ్గర ఆగింది. అడవికి ఆ గీత తెలియదు. గాంబుల్ స్వయానా అటవీ అధికారి. అంతకుముందు ఆయన రాసిన పెద్ద పుస్తకం కలప మీద. దొరల దృష్టిలో ఎగువ గోదావరి అంటే టేకు, దుమ్ముగూడెం దగ్గర పడవల దారి. కొమ్మను అంటుకున్న పిడికెడు ఆకులు ఏ పద్దులో పడతాయి?

ఇదంతా దేనికి, ఎండే అసలు కారణం కదా అనవచ్చు. చల్లదనం కోరే జాతుల వరకు ఒప్పుకోవాల్సిందే. భద్రాచలంలో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. అలాంటి మొక్కల కోసం వెతకాల్సింది 1,600 మీటర్లు దాటిన గాలికొండ వైపు, అరకు, పాడేరు ఎత్తుల్లో. కానీ చిన్నదల్లా చలి మొక్క కాదు. 1830లో వృక్షశాస్త్రవేత్త లిండ్లీ పేరు పెట్టిన ఒబెరోనియా ప్రజాతి పువ్వు రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, అయినా అందులో వెచ్చటి అడవుల్లో బతికేవి చాలానే ఉన్నాయి. ఉంటే ఈపాటికి దొరికేవి కదా అన్న వాదనా నిలవదు: పూయని రోజుల్లో అది ఆకుల గుత్తే, పూసినా భూతద్దం కావాలి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసేనాటికి మద్రాసు గ్రంథం ఎప్పుడో అచ్చయిపోయింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం 2014లో ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో గీత మళ్లీ జరిగింది. ఏ రాష్ట్రం తన జాబితా తాను రాసుకున్నా పాత పొరపాటే తిరిగొస్తుంది. రెండు అటవీ శాఖలూ కలిసి వెతకాలి, అదీ లోయల్లోకి నీరు చేరకముందే.