బాలింత బడలిక



బిడ్డ పుట్టిన ఇంటికి చూడవచ్చినవారు మొదట ఉయ్యాల దగ్గరకే నడుస్తారు. బిడ్డది ఎవరి పోలిక, ఎంత బరువు, రాత్రి నిద్రపోతున్నదా అని అడుగుతారు. మంచంమీద ఉన్న తల్లిని సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: పాలు చాలుతున్నాయా? అది కూడా నిజానికి బిడ్డను గురించిన ప్రశ్నే. నడుము నొప్పి తగ్గినదా, రాత్రి మూడు గంటలైనా ఎడతెగని నిద్ర పట్టినదా అని అడిగేవారు అరుదు. బిడ్డకు ఏడాది నిండి, రెండేళ్ళు వచ్చి, తల్లి ఇంటి పనులన్నిటిలో పడిన తరువాత ఆ మాత్రపు పలకరింపు కూడా ఉండదు. అప్పటికీ ఆమె అలసట తీరనే లేదు.

ఈ అలసట ఎంత పాతదో, దానిని గుర్తించటానికి లోకం చేసిన ప్రయత్నమూ ఇంచుమించు అంత పాతదే. కాని ఆ ప్రయత్నం ఒక్కసారిగా సాగలేదు. తల్లి బడలికను ఆమె రాత అని వదిలివేసిన కాలాలు ఉన్నాయి. ఎవరో ఒకరు పూని దానికి లెక్క కట్టిన కాలాలూ ఉన్నాయి. లెక్క కట్టినప్పుడల్లా అది కొంతైనా తగ్గినది. ఈ ప్రసంగంలో ఆ కథను క్లుప్తంగా మనవి చేస్తాను.

మన వైద్యగ్రంథాలు ప్రసవించిన స్త్రీని సూతిక అన్నాయి. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో సూతికకు వచ్చే రోగాలు కష్టసాధ్యాలని చెప్పి, అందుకు కారణం కూడా చెప్పినారు. గర్భం పెరుగుతున్నకొద్దీ తల్లి ధాతువులన్నీ క్షీణించి సడలిపోతాయనీ, ప్రసవవేదనచేతా రక్తస్రావంచేతా ఆమె శరీరం శూన్యమైపోతుందనీ ఆ గ్రంథకర్త భావం. సుశ్రుతుడు సూతికకు నెలన్నరపాటు నియమాలు విధించినాడు. కాశ్యపసంహితలో సూతికోపచారానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అంటే ప్రసవం నాటితో తల్లి పని ముగియదనీ, శరీరం తిరిగి నిండటానికి వ్యవధి కావాలనీ మన ప్రాచీన వైద్యులు ఎరుగుదురు.

తెలుగు ఇళ్ళలో ఈ ఎరుకే ఆచారంగా నిలిచినది. తొలికాన్పు పుట్టింట జరగటం, బాలింతకు నూనె మర్దన చేసి వేడినీళ్ళు పోయటం, సాంబ్రాణి పొగ వేయటం, నడుముకు గుడ్డ బిగించి కట్టటం, కాయం తినిపించటం మన పెద్దలకు తెలిసిన విషయాలే. పురుడు వచ్చిన ఇంట బాలింత వంటింటి గడప తొక్కరాదనే నియమం ఉండేది. అది మైలను గురించిన నియమం. స్త్రీని ఒక మూలగదికి పరిమితం చేసిన ఆ కట్టుబాటే, ఆమె చేతినుంచి గరిటెను కొన్నాళ్ళపాటు తీసివేసినది కూడా. కొన్ని ఇళ్ళలో ఇరవయ్యొకటవనాడు బాలింతచేత నూతిలో చేద వేయించి నీళ్ళు తోడించేవారు. పసుపు కుంకుమలతో జరిగే ఆ వేడుకకు లౌకికార్థం ఒక్కటే: విశ్రాంతి ముగిసినది, ఇంటి పని తిరిగి నీ చేతికి వచ్చినది.

ఈ ఆచారంలోని మేలును మరువరాదు. దాని హద్దునూ మరువరాదు. పుట్టింట మరొకరి చేతిసాయం ఉన్న స్త్రీకే ఆ మూలగది దొరికేది. కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంట బాలింత పది రోజులు దాటకుండానే బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన జోలెలో పడుకోబెట్టి చేనిలోకి దిగేది. పథ్యం పేరిట ఆకుకూరలు, పప్పులు, చివరకు దాహానికి నీళ్ళు సైతం కట్టడిచేసిన ఇళ్ళు కలిగినవారిలోనూ ఉండేవి. రక్తం తక్కువైన శరీరానికి ఏది కావాలో దానినే దూరం చేయటం జరిగేది.

ఆ రక్తం సంగతి తేల్చినది బొంబాయి నగరం. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు అక్కడికి వచ్చినారు. బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలలో గర్భకాలంలో ఒక విధమైన తీవ్ర రక్తహీనత కనిపిస్తుండేది. ముఖం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి, ఎందరో తల్లులు ప్రసవానికి ముందో వెనుకనో మరణించేవారు. వారి రక్తంలో ఎర్రకణాలు తక్కువగా ఉండేవి. ఉన్నవి మామూలుకంటె పెద్దవిగా ఉండేవి. విల్స్ ఆ స్త్రీలు ఏమి తింటున్నారో విచారించినారు. పండ్లు, కూరగాయలు, మాంసకృత్తులు కొరవడిన తిండి అది. రోగానికి మూలం సూక్ష్మజీవి కాదు, ఆహారలోపమే అన్న నిర్ణయానికి ఆమె వచ్చినారు. కూనూరులోని పాశ్చరు సంస్థలోను, మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోను కూడా ఆమె పరిశోధన సాగించినారు. ఆ ఆసుపత్రియే నేటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి.

ఔషధం చాలా చౌకైన వస్తువులో దొరికినది. బీరు తయారీలో మిగిలే ఈస్టునుంచి తీసే మార్మైట్ అనే సారాన్ని ఇచ్చినప్పుడు ఆ రోగిణులు కోలుకొన్నారు. 1931లో ఆమె ఈ ఫలితాన్ని ప్రకటించినారు. ఈస్టులోని ఆ గుణకారి పదార్థమేదో అప్పటికి తెలియదు గనుక దానిని కొంతకాలం విల్స్ పదార్థమనే పిలిచినారు. 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుంచి ఒక పదార్థాన్ని వేరుచేసినారు. లాటినులో ఆకుకు ఫోలియం అని పేరు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. బొంబాయి తల్లులకు కొరవడినది ఇదే.

ఇక్కడ ఈ కథ మన గడపలోకి వస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ పరిశోధనకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, సముద్రాలు దాటి వెళ్ళిన మన తెలుగువాడు. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది; ఆ వ్యాధికి సైతం ఫోలిక్ ఆమ్లం ఔషధమని తేలినది. అంతకుముందు హార్వర్డులో ఉన్నప్పుడు ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలోని భాస్వర పదార్థాలను పరిశోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించినారు. కండరం కదలటానికి ఖర్చుపెట్టే శక్తి ఈ ఏ.టి.పి.లోనే ఉంటుంది. అలసట అంటే ఏమిటో తెలుసుకొనే దారిలో అదొక మైలురాయి. శరీరం ఏ శక్తిని ఖర్చు పెడుతున్నదో చూపినవాడే, తల్లి రక్తంలోని లోటు తీర్చే మందును లోకానికంతకూ అందుబాటులోకి తేవటానికి నాయకత్వం వహించినాడు. 1948లో ఆయన కన్నుమూసేనాటికి ఈ దేశంలో ఆ పేరు ఎరిగినవారు కొద్దిమందే.

మన దేశంలో 1970నుంచి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు పంచుతున్నారు. నేటి విధానం ప్రకారం ప్రసవం తరువాత కూడా 180 రోజులు వాటిని వాడవలసి ఉన్నది. విల్స్ కొంతకాలం పనిచేసిన కూనూరులోని ఆహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో స్థిరపడినది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలలో రోజుకు 600 కిలోకాలరీల ఆహారం అదనంగా కావాలని అక్కడివారి లెక్క. ఇంత తెలిసి కూడా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులుగానే తేలినారు.

రక్తం తరువాత ఎముకలు, కీళ్ళు. గర్భకాలంలో సడలిన కటిసంధుల బంధనాలు, సాగిన పొట్ట కండరాలు ప్రసవం కాగానే యథాస్థితికి రావు. నడుము నొప్పికి అదొక కారణం. మణికట్టు నొప్పికీ ఒక చరిత్ర ఉన్నది. బొటనవేలి స్నాయువులు నడిచే సన్నని గొట్టం ఇరుకై కలిగే బాధను 1895లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ ద కెర్వాన్ వర్ణించినాడు. అంతకుముందే ఆంగ్ల శరీరశాస్త్ర గ్రంథం దానిని బట్టలుతికే స్త్రీల బెణుకు అన్నది. బట్టలు పిండే చేతులకే కాక, బొటనవేళ్ళు చాచి చంకల క్రింద పట్టుకొని బిడ్డను రోజుకు ఎన్నోసార్లు ఎత్తే తల్లి చేతులకూ అది వస్తుంది. దానికి విశ్రాంతి, కట్టు, అవసరమైతే చికిత్స ఉన్నాయి. ఆ సంగతి తెలియక, చేతిలోని గిన్నె జారితే ఆమెది అజాగ్రత్త అనుకొనే ఇళ్ళు నేటికీ లేకపోలేదు.

ఇక దినాల లెక్క. 1919లో వాషింగ్టనులో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ ప్రసవానంతరం ఆరు వారాలు స్త్రీచేత పని చేయించరాదనీ, పాలిచ్చే తల్లికి పనివేళలో రెండుసార్లు అరగంట చొప్పున వ్యవధి ఇవ్వాలనీ తీర్మానించినది. మన కేంద్ర శాసనసభలో 1924లో ఎన్.ఎం.జోషీ ఇటువంటి బిల్లును ప్రవేశపెట్టినారు, అది వీగిపోయినది. 1928లో బొంబాయి శాసనమండలిలో డాక్టరు అంబేద్కరు ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి లభించటం జాతికే శ్రేయస్కరమని వాదించినారు. 1929లో బొంబాయిలోను, 1934లో మద్రాసులోను చట్టాలు వచ్చినవి. దేశానికంతకూ వర్తించే చట్టం 1961లో వచ్చినది. అందులో 12 వారాల సెలవుతోబాటు, బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే వ్యవధిని కూడా చేర్చినారు. 2017లో సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేసి, 50 మందికి తక్కువకాని సంస్థలలో శిశుగృహం ఉండాలన్నారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నియమాలకు చోటు దొరికినది.

ఈ పరిణామంలో ఒక విశేషాన్ని గమనించాలి. ఆచారం తల్లి అలసటకు మూడు వారాలో, మూడు నెలలో గడువు పెట్టినది. చట్టం పదిహేను నెలలదాకా చూసినది. కాని ఆ చట్టం జీతం పుస్తకంలో పేరున్న స్త్రీకే వర్తిస్తుంది. వరిమడిలో నాట్లు వేసే తల్లికి సెలవుచీటీ ఇచ్చేవారు లేరు. 2013 ఆహారభద్రతా చట్టం గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 6,000 రూపాయలకు తగ్గని సాయం ప్రకటించినది. అది మేలే గాని, కొన్నాళ్ళ కూలికి మాత్రమే సరి. ఇంటిపట్టున ఉండే తల్లి పనికి సెలవు ఇచ్చే చట్టం లేదు. రాత్రి నాలుగుసార్లు లేచి, తెల్లవారగానే పాలగిన్నె పొయ్యిమీద పెట్టే ఆమె పనివేళలను లెక్కించగలవారు ఆ ఇంటివారే.

వారు చేయగలిగిన లెక్క పెద్దదేమీ కాదు. బిడ్డకు ఏడాది దాటినా తల్లి మెట్లెక్కితే ఆయాసపడుతున్నదంటే రక్తపరీక్ష చేయించాలి. ప్రసవానంతరపు మాత్రల సీసా నిండుగానే అలమారులో ఉండిపోయినదేమో చూడాలి. ఇంట ఆకుకూర వండిన రోజున అందరి తరువాత కూర్చొనే ఆమె విస్తరికి ఎంత మిగిలినదో చూడాలి. తెల్లవారుజామున ఏడ్చే బిడ్డను తండ్రి భుజాన వేసుకొని వసారాలో తిప్పితే ఆమెకు మరో గంట నిద్ర దక్కుతుంది. నిద్ర పట్టక, దిగులు తీరక, దేనిమీదా మనసు నిలవక బాధపడుతున్నదంటే, దానిని సోమరితనమనక వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

నూతులు పూడి, కుళాయిలు వచ్చిన ఇళ్ళలో చేద వేయించే వేడుక ఇప్పుడు కానరాదు. అయినా ప్రతి ఇంటా ఒక రోజున ఇంటి పని తిరిగి బాలింత చేతికి వస్తూనే ఉన్నది. ఆ రోజున ఆమె చేతులు అందుకు సిద్ధంగా ఉన్నాయా అని ముందుగా ఆమెనే అడగవలసిందని శ్రోతలను కోరుతూ, సెలవు తీసుకొంటున్నాను.