మైకు ముందు విజ్జీ

గురజాడ అప్పారావునకు ఆశ్రయమిచ్చిన పూసపాటి వంశమున 1905లో జన్మించి, ఆటగాడుగా స్వల్పుడయ్యును పోషకుడుగా ఎంతటి వ్యయమునకును వెనుదీయని విజయానంద గజపతిరాజు, జనవ్యవహారమున విజ్జీ, మైదానమునుండి మైకునొద్దకు నడచిన తొలితరము తెలుగు క్రీడాకారులలో నొకడు.

1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లంతటి ఆంగ్ల దిగ్గజములను తన జట్టున ఆడుటకై రప్పించిన యీ రాజకుమారుడు, 1936లో భారతజట్టు ఇంగ్లండు పర్యటనమునకు నాయకుడై, జట్టులోని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టునకు మునుపే ఇంటికి పంపివేసిన నిర్ణయమున పాలుపంచుకొని, మూడు టెస్టులలో 33 పరుగులు మాత్రమే చేసి అపకీర్తిని మూటగట్టుకొనెను. ఆ యేడే ‘సర్’ బిరుదము లభించుట విధివైచిత్రి కాబోలు!

1954 నుండి కొన్నేండ్లు భారత క్రికెట్టు బోర్డునకు అధ్యక్షత వహించిన పిమ్మట ఆయన వ్యాఖ్యాతగా స్థిరపడెను. 1959లో భారతజట్టు ఇంగ్లండున ఆడునపుడు బి.బి.సి. ఆయనను అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించెను. చిత్రములేని రేడియోలో శ్రోతకు కావలసినది బంతి గమనము, పరుగుల లెక్క, ఫీల్డరు నిలిచిన చోటు. విజ్జీ వాక్ప్రవాహమో, వీనిని దాటి పూర్వస్మృతులలోనికి పోవుచుండెడిది. నాయకత్వమునకంటె ఈ వృత్తియే ఆయనకు తగినదని నా యభిప్రాయము, ఏలయన ఇచ్చట పరుగులు చేయవలసినవారు ఇతరులు. పులివేటను గూర్చి ఆయన వర్ణించుచుండగా వెస్టిండీస్ వీరుడు రోహన్ కన్హాయ్, మీ వ్యాఖ్యానమును వినిపించియే పులులను చంపితిరనుకొంటినని చమత్కరించెనట.