విశాఖ రేవులో ‘చక్ర’

విశాఖపట్టణం సముద్రతీరాన ప్రదర్శనశాలగా నిలిచి ఉన్న ‘కురుసుర’ జలాంతర్గామిని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఎందరో చూచి ఉంటారు. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ ఓడకు డీజిలు ఇంజన్లు ఉన్నాయి. డీజిలు మండడానికి గాలి కావాలి. అందుచేత నీటిలో బాగా మునిగినపుడు ఆ ఓడ బ్యాటరీలలోని విద్యుత్తుతో నడవవలసిందే. విద్యుత్తు తరిగిపోతే, మరల నింపుకొనడానికి గాలి అందేంత పైకి రాక తప్పదు. శత్రువు కంటబడే సమయం అదే.

ఈ చిక్కును అణుశక్తి తీర్చినది. రియాక్టరులో యురేనియం పరమాణువులు చీలినపుడు పుట్టే వేడికి గాలితో నిమిత్తం లేదు. ఆ వేడితో నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి టర్బైనును త్రిప్పుతుంది. తిండి సామగ్రి ఉన్నంతకాలం ఇట్టి ఓడ నీటి అడుగుననే ఉండగలదు. 1955లో అమెరికావారి ‘నాటిలస్’ మొదటిసారి ఈ విధంగా ప్రయాణించినది.

ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. కాని భారత నౌకాదళం ఈ విద్యను అద్దె ఓడలపైననే నేర్చినది. 1967లో సోవియట్ నౌకాదళంలో చేరిన ‘కె-43’ను మన ప్రభుత్వం 1988 జనవరిలో మూడు సంవత్సరాలకు అద్దెకు తీసుకొని, ‘చక్ర’ అని పేరు పెట్టినది. ఫిబ్రవరిలో అది విశాఖ చేరినది. దాని మొదటి నాయకుడు కెప్టెన్ ఆర్. ఎన్. గణేశ్. గడువు తీరగానే 1991లో ఓడను తిరిగి అప్పగించారు.

రెండవ ‘చక్ర’ అసలు పేరు ‘నేర్పా’. దాడికై నిర్మించిన ఈ జలాంతర్గామి పని ఆమూరు నదీతీరాన 1993లో మొదలై, ధనాభావంచేత చాలకాలం నిలిచిపోయినది. 2008 నవంబరు 8న జపాను సముద్రంలో పరీక్షలు జరుగుచుండగా, మంటలు లేకుండానే అగ్నిమాపక యంత్రం పనిచేసినది. మంటలనార్పే వాయువు మూసిన గదులలో నిండి 20 మంది మరణించారు. రియాక్టరుకు మాత్రం హాని కలుగలేదు. గాలి అక్కరలేనిది యంత్రానికే. అందులోని మనుష్యులకు ప్రతి నిమిషం గాలి కావాలి. అందుకే అణు ఓడలలో నీటిని విద్యుత్తుతో విడదీసి ప్రాణవాయువు తయారుచేసుకొంటారు. విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును యంత్రాలతో తొలగిస్తారు. ఈ ఏర్పాటుకు రియాక్టరుతో సమానమైన శ్రద్ధ అవసరం.

మరమ్మతుల అనంతరం 2012 జనవరిలో ‘నేర్పా’ పదేండ్ల అద్దెకు మనకు సంక్రమించినది. ఏప్రిల్ 4న విశాఖలో రక్షణమంత్రి ఎ. కె. ఆంటొనీ దానిని లాంఛనంగా నౌకాదళంలో ప్రవేశపెట్టారు. ఉపరితలంపై ఎనిమిదివేల టన్నులకు మించిన ఈ ఓడలో టార్పిడోలకు ఎనిమిది గొట్టాలుండేవి. 2021లో ఇదికూడ రష్యాకు తిరిగి వెళ్ళినది.

రెండు ‘చక్ర’లూ వెళ్ళిపోయినా, వాటిని నడిపినవారి అనుభవం మిగిలినది. విశాఖలోనే నిర్మించిన ‘అరిహంత్’ 2009 జూలై 26న నీటిలో దిగి, 2016లో నౌకాదళంలో చేరినది. ఎరువు తెచ్చిన ఓడలపై నేర్చిన విద్య సొంత ఓడపై ఉపయోగపడినది.